పొట్ట చిన్నదయింది, అవసరాలు చిన్నవి కాలేదు

హంసలదీవి ప్రాంతం నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"నా వయస్సు 34 సంవత్సరాలు. ఇద్దరు పిల్లలు. మూడు నెలల క్రితం బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 90. మోకాళ్ల నొప్పులు తగ్గాయి. షుగరు మాత్రలు సగానికి తగ్గించారు. అంతవరకు సంతోషమే. కాని మూడు వారాలుగా ఏది తిన్నా వాంతి అవుతోంది. గంజి, పళ్లరసం మీద వుంటున్నాను. విటమిను బిళ్లలు మింగుడు పడక మానేశాను. మా వూళ్లో ఆర్.ఎం.పి. గారు నీరసమని రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించారు. ఆపరేషన్ సంగతి మావారికి, అత్తయ్యగారికి తప్ప ఎవరికీ తెలియదు. నలుగురిలో పడుతుందని ఆయనకీ చెప్పలేదు. వారం నుంచి అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నడుస్తుంటే తూలినట్టు వుంటోంది. జుట్టు కూడా వూడుతోంది. ఇదంతా నీరసమేనా? నేనేం తినాలి? ఏ వ్యాయామం చేయాలి?"

ఈ ఉత్తరం జవాబు అచ్చయ్యేదాకా ఆగదగింది కాదు. అందుకని చెప్పవలసింది ముందే ఫోనులో చెప్పి, ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి ఆ రోజే బయలుదేరమన్నాను. ఇప్పుడు బరువు తగ్గే ఆపరేషన్ కృష్ణా జిల్లా పల్లెలకు కూడా కొత్త కాదు. గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు నుంచి వెళ్లి చేయించుకుని వచ్చినవారు చాలామంది వున్నారు. వచ్చాక ఎలా తినాలో, ఎలా తిరగాలో అడుగుదామంటే దగ్గర్లో ఎవరూ వుండరు. కనుక ఆ సోదరికి చెప్పిన మాటలనే అందరికోసం వివరంగా రాస్తున్నాను.

ఇది వట్టి నీరసం కాదు

ఈ ఆపరేషన్ చేయించుకున్నవారికి వాంతులు రెండుమూడు వారాలు వరసగా అవుతుంటే, దానికి తోడు కాళ్లు తిమ్మిరెక్కి నడకలో తూలుడు వస్తే, ముందుగా అనుమానించవలసింది బి1 విటమిను లోపాన్ని. దీనికే థయామిన్ అని పేరు. ఇది మన శరీరంలో యెక్కువగా నిలవ వుండదు. లోపలికి పోవడం ఆగితే రెండుమూడు వారాల్లో వున్నది కాస్తా ఖర్చయిపోతుంది. అప్పుడు నరాలు దెబ్బతింటాయి. ఇంకా ముదిరితే ఒకటి రెండుగా కనిపిస్తుంది, కనుగుడ్లు అదురుతాయి, మతి తప్పినట్టు మాట్లాడతారు. గుండె కూడా దెబ్బతినవచ్చు. వేళకు ఇంజక్షను పడితే చాలావరకు కోలుకుంటారు. ఆలస్యమైతే నడక, జ్ఞాపకశక్తి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. గ్లూకోజును శరీరం వాడుకోవాలంటే థయామిన్ కావాలి. అది అడుగంటిన మనిషికి వట్టి గ్లూకోజు సీసా ఎక్కిస్తే, మిగిలిన నాలుగు చుక్కలూ దానికే ఖర్చయి జబ్బు ఒక్కసారిగా ముదరవచ్చు. ముందు థయామిన్ ఇచ్చి, ఆ తరువాత గ్లూకోజు ఎక్కించాలి. ఆర్.ఎం.పి. గారిని తప్పుపట్టి లాభం లేదు. ఆయనకు ఆపరేషన్ సంగతే తెలియదు. నీరసంగా వుందన్న మనిషికి సీసా పెట్టడం మన పల్లెల్లో రోజూ జరిగే పనే.

ఇక వాంతులు ఎందుకు అవుతున్నాయో కూడా తేలాలి. గబగబా మింగడం, నమలకపోవడం వల్ల కావచ్చు. కోసి కుట్టిన చోట దారి ఇరుకై కూడా కావచ్చు. ఆ సంగతి గొట్టం వేసి చూస్తే గాని తెలియదు. కనుక ఇంట్లో కూర్చుని గంజితో నెట్టుకు రాకూడదు.

మన డెల్టాకు పాత చుట్టమే

బి1 లోపం వల్ల వచ్చే జబ్బును బెరిబెరి అంటారు. ఇది మన ప్రాంతానికి పరాయిది కాదు. మద్రాసు ప్రభుత్వపు కొలువులో వున్న మాల్కమ్‌సన్ అనే డాక్టరు 1835లోనే దీనిమీద ఒక పుస్తకం ప్రచురించాడు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉత్తర సర్కారు జిల్లాల్లోనే ఇది యెక్కువ. కారణం కనిపెట్టడానికి చాలాకాలం పట్టింది. తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి దిగుతుంది. మరపట్టినా కొంత మిగులుతుంది. మనవారు పచ్చిబియ్యం తినేవారు. మరలో తెల్లగా పాలిష్ పట్టేసరికి బి1 కాస్తా తవుడుతో పోయేది. మిగిలింది కడుగునీళ్లలోను, వార్చిన గంజిలోను పోయేది.

ఈ జబ్బు సంగతి చూడడానికే 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో నడుస్తోంది. తిండిలో రకాలు పెరిగాక బెరిబెరి మన జిల్లాలలో అరుదైపోయింది. ఇప్పుడు అదే జబ్బు, బియ్యం వల్ల కాకుండా, ఆపరేషన్ తరువాత జాగ్రత్త చాలకపోవడం వల్ల మళ్లీ తొంగిచూస్తోంది. అప్పుడు తిండిలో సారం లేకపోయింది, ఇప్పుడు తిండే లోపలికి పోవడం లేదు. శరీరానికి రెండూ ఒకటే.

ఆపరేషన్ ఏం చేస్తుంది?

ఇవి ముఖ్యంగా రెండు రకాలు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేస్తారు. సంచిలా వుండవలసింది అరటికాయంత గొట్టంలా మిగులుతుంది. ఆకలి పుట్టించే హార్మోను ఒకటి చాలామట్టుకు ఆ తీసేసిన భాగంలోనే తయారవుతుంది గనుక, మొదట్లో ఆకలి కూడా తగ్గుతుంది. రెండవది బైపాస్. ఇందులో జీర్ణాశయం పైభాగాన చిన్న గుడ్డంత తిత్తి మిగిల్చి, దానిని చిన్నప్రేవుకు కొంత దిగువన కలుపుతారు. ఆహారం మొదటి ప్రేవు భాగాన్ని తప్పించుకుని పోతుంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ 1966లో ఈ పద్ధతికి నాంది పలికాడు.

ఏ రకమైనా, పట్టేది కొన్ని ముద్దలే. కాని గుండె, కండరాలు, ఎముకలు, నెత్తురు తమకు కావలసిన సరుకులను మునుపటిలాగే అడుగుతూ వుంటాయి. పొట్ట చిన్నదైందని వాటి అవసరాలు చిన్నవి కావు. ఆపరేషన్ తరువాతి బతుకంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి వుంది. పట్టే ప్రతి ముద్దలోను సారం వుండాలి.

ముక్క ముందు, అన్నం ఆఖరు

మన భోజనం వరస అందరికీ తెలిసిందే. విస్తరి నడుమ అన్నం రాశి, చుట్టూ మిగతావి. పప్పయినా, పులుసయినా, మజ్జిగయినా అన్నంలో కలిపే తినాలి. ఆపరేషన్ అయినవారు ఈ వరసను తలకిందులు చేయాలి. ముందు మాంసకృత్తులు, అంటే చేపముక్క, గుడ్డు, గట్టిపప్పు, పెరుగు. తరువాత కూరగాయ. చోటు మిగిలితే ఆఖరున రెండుమూడు చెంచాల అన్నం. అన్నంతో మొదలుపెడితే నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది, ముక్క అలాగే మిగులుతుంది.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. కొందరికి 80 దాకా అవసరం. ఇది తక్కువైతే శరీరం కొవ్వుతోపాటు సొంత కండను కూడా కరిగించుకుంటుంది. త్రాసు మీద బరువు తగ్గినట్టే కనబడుతుంది, మనిషి మాత్రం లేవలేడు.

ఇందులో దివిసీమవారు అదృష్టవంతులు. ఒకపక్క కృష్ణ, ఒకపక్క సముద్రం. పండుగప్ప, కొరమీను, రొయ్య, పీత ఇంటి ముందుకే వస్తాయి. చేపమాంసం మెత్తగా వుంటుంది గనుక కోడి, మేక మాంసాలకన్నా ముందుగా సరిపడుతుంది. 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు వుంటాయి. ముళ్లు శుభ్రంగా తీసి, వేపుడుగా కాకుండా పలచని పులుసుగానో, ఆవిరి మీదనో వండాలి. ఎండుచేపల్లో ఉప్పు యెక్కువ గనుక రక్తపోటు వున్నవారు వాటి జోలికి పోకూడదు. శాకాహారులకు వరి కోసిన మాగాణిలో పండే మినుము, పెసర వుండనే వున్నాయి. పప్పుల్లో 100 గ్రాములకు సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు వుంటాయి. పాలవిరుగుడు, మీల్ మేకరు కూడా మంచివే.

ఆపరేషన్ అయిన కొత్తల్లో ఆహారం మెట్లు మెట్లుగా మారుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు తేట ద్రవాలు. ఆ తరువాత సుమారు రెండు వారాలు పాలు, పలచని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు. ఆపైన రెండు వారాలు మెత్తగా మెదిపినవి. తరువాత మెత్తని ముద్ద పదార్థాలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఒక్కొక్క ఆస్పత్రి లెక్క ఒక్కొక్క విధంగా వుంటుంది. మీ డాక్టరు ఇచ్చిన కాగితాన్నే పాటించండి. ఏ మెట్టులోనైనా వాంతులు మొదలైతే వెనకటి మెట్టుకు దిగి, డాక్టరుకు కబురు చేయండి.

మామూలు తిండి దాకా వచ్చినవారికి ఒక రోజు ఆహారం ఇలా వుండవచ్చు:

ఉదయం 7.30 గంటలకు ఒక ఉడికించిన గుడ్డు, నూనె తగ్గించి పోసిన ఒక చిన్న పెసరట్టు. మాంసకృత్తులు 12 గ్రాములు.

10 గంటలకు పంచదార లేకుండా ఒక గ్లాసు వెన్న తీసిన పాలు. 6 గ్రాములు.

మధ్యాహ్నం 12.30కు 75 గ్రాముల చేప, మూడు నాలుగు చెంచాల గట్టిపప్పు, కొంచెం బీరకాయ లేక సొరకాయ కూర, ఆఖరున రెండు చెంచాల అన్నం. 20 గ్రాములు.

4 గంటలకు మెత్తగా ఉడికించిన పెసలు లేక శనగలు ఒక చిన్న గిన్నెడు. 6 గ్రాములు.

రాత్రి 7.30కు 75 గ్రాముల రొయ్యలు, లేదా అంతే పాలవిరుగుడు, ఒక చిన్న గిన్నెడు పెరుగు. 17 గ్రాములు.

పడుకునే ముందు ముప్పావు గ్లాసు పాలు. 5 గ్రాములు.

మొత్తం 66 గ్రాములు. ఇందులో ఖరీదైన డబ్బా పొడి ఏదీ లేదని గమనించండి. ద్రవాల మీదే వుండవలసిన మొదటి వారాల్లో మాత్రం డాక్టరు చెబితే పొడి వాడక తప్పదు.

తినే పద్ధతి కూడా తిండి అంత ముఖ్యం. పెద్ద కంచం పక్కన పెట్టి చిన్న పళ్లెం తీసుకోండి. ముద్ద బఠాణీ గింజంత, నమలడం ఇరవైసార్లకు తగ్గకుండా, భోజనం అరగంట. రొమ్ము కింద బరువు తోచగానే చెయ్యి కడుక్కోండి. ఇంకొక్క ముద్ద తింటే వాంతే. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. కాని రోజు మొత్తంమీద లీటరున్నర నీళ్లు గుక్కెడు గుక్కెడుగా లోపలికి పోవాలి. మన ఉక్కపోతలో చెమట యెక్కువ పోతుంది. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలలేదని గుర్తు. గ్యాసు నిండిన సోడాలు, కూల్‌డ్రింకులు మానాలి. పళ్లరసం కన్నా పండు మేలు.

బిళ్లలు జీవితాంతం

"బరువు తగ్గిపోయింది, ఇంకా మందులెందుకు?" అని ఆరు నెలలకే మానేసేవారు వున్నారు. ఇవి మందులు కావు, తిండిలో అందని సరుకులు. బహుళ విటమిను బిళ్ల, కాల్షియం, డి విటమిను, ఇనుము, బి12. ఇవి బైపాస్ అయినా, స్లీవ్ అయినా జీవితాంతం వాడవలసినవే. బి12 రక్తంలో చేరడానికి జీర్ణాశయంలో వూరే ఒక పదార్థం తోడుండాలి. జీర్ణాశయం తగ్గితే అదీ తగ్గుతుంది. ఇనుము, కాల్షియం ముఖ్యంగా చిన్నప్రేవు మొదటి భాగంలో పీల్చుకోబడతాయి. బైపాస్‌లో ఆ భాగమే తప్పిపోతుంది. బి12 లోపం పైకి తెలియడానికి ఏళ్లు పట్టవచ్చు. తెలిసేనాటికి నరాలు దెబ్బతిని వుంటాయి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సోదరులను స్ప్రూ అనే ప్రేవుల జబ్బుకు పోగొట్టుకున్నారు. ప్రేవులు పోషకాలను పీల్చుకోలేకపోవడమే ఆ జబ్బు. అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది ప్రాణం పోసింది. ఆ ఫోలిక్ ఆమ్లం ఈనాడు మీరు వేసుకునే బహుళ విటమిను బిళ్లలో వుంటుంది. ఆ బిళ్లను చిన్నచూపు చూడకండి.

పెద్ద బిళ్ల మింగుడు పడకపోతే నమిలేవి, నీళ్లలో కరిగేవి, సిరప్పులు వున్నాయి. అడిగి మార్పించుకోండి గాని మానకండి. కాల్షియం రోజుకు మొత్తం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, రెండుమూడు మోతాదులుగా. సిట్రేటు రకం మేలు. కాల్షియం, ఇనుము ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మధ్య రెండు గంటల ఎడం వుంచండి. ఇనుము బిళ్ల మీద కాఫీ, టీ తాగకండి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తరువాత ఏటా ఒకసారి రక్తపరీక్షలు చేయించుకోవాలి. నెత్తురు శాతం, ఇనుము నిలవలు, బి12, డి విటమిను, కాల్షియం చూస్తారు.

నడక ఆస్పత్రిలోనే మొదలు

వ్యాయామం ఆపరేషన్ అయిన రోజునో మర్నాడో మంచం దిగి నాలుగడుగులు వేయడంతో మొదలవుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా వుండడానికి అది తప్పనిసరి. ఇంటికి వచ్చాక రోజుకు మూడు నాలుగు విడతలు, ఒక్కొక్కటి అయిదు నిమిషాలు నడవండి. వారం వారం అయిదేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే రెండో నెలకు ఏకధాటిగా అరగంట నడవగలుగుతారు. వారానికి 150 నిమిషాలు తగ్గకూడదు.

మొదటి ఆరు వారాలు అయిదు కిలోలకు మించిన బరువు ఎత్తకూడదు. నిండు నీళ్ల బిందె, బియ్యం బస్తా, చంటిపిల్లవాడు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. మన ఇళ్లలో ఆడవారు తరచు తప్పేది ఇక్కడే. పైకి చిన్న గాట్లే కనిపిస్తాయి గనుక, పదిరోజులకే ఇంటి పనంతా నెత్తిన పడుతుంది. లోపలి కుట్లు ఆరాలి. ఇంట్లోవారు ఆరు వారాలు బిందె అందుకోవాలి.

దివిసీమలో కాలవగట్లు, కరకట్టలు వున్నాయి. తెల్లవారుజామున గాని, పొద్దువాలాక గాని నడవండి. ఎండలో వద్దు. సముద్రపు ఒడ్డున నడవాలనిపిస్తే తడిసి గట్టిపడిన ఇసుక మీద నడవండి. పొడి ఇసుకలో కాలు దిగబడి మోకాళ్లకు శ్రమ. 

డాక్టరు సరేనన్నాక, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటాక, కండకు పని చెప్పే వ్యాయామం కూడా చేయాలి. నడక ఒక్కటే కండను నిలపదు. వారానికి రెండుమూడుసార్లు ఇవి చేయండి: చేతులు ఆనించకుండా కుర్చీలోనుంచి లేవడం, కూర్చోవడం పదిసార్లు, గోడకు మూరెడు దూరంలో నిలబడి అరచేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టడం పదిసార్లు, నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండు చేతులతో పైకెత్తడం పదిసార్లు, మెట్టు ఎక్కి దిగడం అయిదు నిమిషాలు. జిమ్ము వుండనక్కరలేదు. కళ్లు తిరిగినా, గుండెల్లో నొప్పి వచ్చినా ఆపి డాక్టరుకు చూపించుకోండి. ఉత్తరం రాసిన సోదరి మాత్రం తిమ్మిరి, తూలుడు తగ్గిందని డాక్టరు చెప్పేదాకా ఒంటరిగా నడవకూడదు. 

దాచిపెట్టడం వల్ల నష్టం

మన రాష్ట్రంలో స్త్రీలలో మూడింట ఒక వంతుకు పైగా అధిక బరువుతో వున్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అంతమందికి వున్న బాధను ఒకరు దాచుకోవడంలో అర్థం లేదు. కడుపు కోయించుకుని సన్నబడిందని నలుగురూ అంటారని భయం. అంటే అననివ్వండి. ఊరంతటికీ చెప్పనక్కరలేదు. కాని వైద్యం చేసే ప్రతివారికీ చెప్పి తీరాలి. ఒక చిన్న అట్టముక్క మీద ఇలా రాయించి పర్సులో పెట్టుకోండి: "నాకు ఫలానా తేదీన ఫలానా ఆపరేషన్ జరిగింది. వాంతులతో వున్నప్పుడు గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ ఇవ్వాలి. నొప్పి మాత్రలు ఇచ్చేముందు మా డాక్టరును అడగండి." కింద ఆ డాక్టరు ఫోను నెంబరు.

ఇంట్లోవారికి ఒక మాట. "పిట్ట తిన్నంత తింటే ఎలా? ఇంకో ముద్ద పెట్టించుకో" అనడం ప్రేమతోనే. కాని ఆ ముద్దే వాంతి. పెట్టదలిస్తే చేపముక్క పెట్టండి, అన్నం కాదు. బిళ్ల వేళకు అందించండి. సాయంత్రం కూడా నడవండి. అత్తయ్యగారు గంజి కాచి ఇచ్చిన చేత్తోనే పెసరకట్టు కాచి ఇస్తే అంతకన్నా కావలసింది లేదు.

మరికొన్ని ప్రశ్నలు

జుట్టు వూడుతోంది. ఏ నూనె రాయాలి? (ఒక సోదరి, మచిలీపట్నం)

నూనెతో ఆగేది కాదు. బరువు వేగంగా తగ్గినప్పుడు మూడో నెల నుంచి జుట్టు రాలడం సహజం. చాలామందికి ఏడాది లోపల తిరిగి వస్తుంది. మాంసకృత్తులు, ఇనుము సరిగా అందుతున్నాయో లేదో చూసుకోండి. ఏడాది దాటినా ఆగకపోతే రక్తపరీక్ష చేయించండి.

బైపాస్ అయి ఎనిమిది నెలలు. పెళ్లిలో ఒక బందరు లడ్డు తిన్నాను. పావుగంటలో గుండెదడ, చెమటలు, విరేచనం. ప్రమాదమా? (ఒక సోదరుడు, గుడివాడ)

తీపి ఒక్కసారిగా చిన్నప్రేవులోకి దూకినందువల్ల వచ్చిన బాధ ఇది. ఆ పూట పడుకుంటే తగ్గుతుంది. కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటలకు రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. తరచుగా ఇలా వస్తుంటే డాక్టరుకు చెప్పాలి. పెళ్లికి వెళ్లండి, పప్పు, పెరుగు తినండి, లడ్డు ఇంకొకరికి ఇవ్వండి.

వారానికొకసారి మందు పుచ్చుకునే అలవాటు వుంది. ఇప్పుడు పుచ్చుకోవచ్చా? (ఒక సోదరుడు, అవనిగడ్డ)

వద్దు. ఈ ఆపరేషన్ల తరువాత సారాయం త్వరగా రక్తంలోకి చేరుతుంది, మోతాదుకు మించి తలకెక్కుతుంది. మునుపు తిండికి బానిసైనవారు తరువాత దీనికి బానిసలైన సందర్భాలు వున్నాయి. పైగా అది బి1ను తినేస్తుంది. పొగ కూడా మానండి. బైపాస్ అతుకు దగ్గర పుండ్లు పడతాయి.

పెళ్లయి ఆరేళ్లు. బరువు తగ్గాక నెలసరి సక్రమమైంది. సంతానానికి ఇప్పుడే ప్రయత్నించవచ్చా? (ఒక సోదరి, కోడూరు)

మంచి వార్తే. కాని ఆపరేషన్ అయిన ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగాలి. బరువు వేగంగా తగ్గుతున్న రోజుల్లో తల్లికే చాలని పోషకాలు బిడ్డకు ఎక్కడనుంచి వస్తాయి? బరువు తగ్గగానే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది గనుక జాగ్రత్త అవసరం. బైపాస్ అయినవారికి నోటి మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. లూపు వంటివి మేలు. ప్రయత్నించే ముందు రక్తపరీక్షలు చేయించుకోండి.

కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉపవాసం వుండడం నా నియమం. (ఒక తల్లి, నాగాయలంక)

మొదటి ఏడాది వద్దు. ఆ తరువాత కూడా నిర్జల ఉపవాసం ఎన్నడూ వద్దు. పాలు, మజ్జిగ, పప్పుకట్టు పుచ్చుకుని, బిళ్లలు వేసుకుని నియమం సాగించుకోవచ్చునేమో మీ డాక్టరును అడగండి. మధుమేహానికి మందు వాడేవారు అడగకుండా అసలే చేయకూడదు.

రెండేళ్లయింది. తగ్గిన 40 కిలోల్లో 6 మళ్లీ వచ్చాయి. ఆపరేషన్ చెడిపోయిందా? (ఒక సోదరుడు, చల్లపల్లి)

చెడిపోలేదు. ఏడాది, ఏడాదిన్నరకు బరువు తగ్గడం ఆగుతుంది. ఆ తరువాత కొంత పెరగడం చాలామందిలో వున్నదే. ఒక వారం పాటు నోట్లో వేసుకున్న ప్రతిదీ కాగితం మీద రాయండి. జంతికలు, మిక్చరు, ఐస్‌క్రీము, తీపి టీ ఎన్నిసార్లు కనిపిస్తాయో మీకే తెలుస్తుంది. అవి చిన్న పొట్టలోనుంచి కూడా సులువుగా జారిపోతాయి. వాటిని తీసివేసి, ముక్క ముందు అనే వరసకు తిరిగి రండి. నడక అరగంట నుంచి ముప్పావు గంటకు పెంచండి. ఏటా చేయించవలసిన రక్తపరీక్ష మానేసి వుంటే ఈ నెలలోనే చేయించండి.